హంపి ఒక్క రోజులో, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో

ప్రశ్న: పొద్దున్నే హోసపేటలో రైలు దిగుతాం, రాత్రికి తిరుగు బండి. అమ్మకి 65, మెట్లెక్కడం కష్టం. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి వదిలేయాలి?

జవాబు 1: స్టేషన్ నుంచి హంపి సుమారు 13 కిలోమీటర్లు. ఆటో రోజంతటికీ మాట్లాడుకోండి. ఏయే చోట్లు, ఎన్ని గంటల వరకు అన్నది ఎక్కేముందే తేల్చుకోండి, లేకపోతే మధ్యలో పేచీ వస్తుంది. ముందు విరూపాక్షాలయం. ఎండెక్కితే ప్రాంగణంలో బండలు కాలిపోతాయి, చెప్పులుండవు, అమ్మగారికి మేజోళ్లు పెట్టుకోండి. గుడి వెనక చీకటి గదిలో గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది, చిన్న కంతలోంచి వెలుగు దూరడం వల్ల. మబ్బు పడితే కనిపించదు.

జవాబు 2: విఠలాలయం టికెట్టు పారేయకండి. అదే రోజు దానితోనే పద్మ మహల్, ఏనుగుశాల, కమలాపురం మ్యూజియం చూడొచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. విఠలాలయానికి కిలోమీటరు ముందే ఆటో ఆపేస్తారు, అక్కణ్నుంచి బ్యాటరీ బండి. సంగీత స్తంభాల్ని తట్టనివ్వరు, అది మంచిదే.

జవాబు 3: మాతంగ పర్వతం ఆలోచనే వద్దు, నిటారు ఎక్కుడు. కృష్ణాలయం మాత్రం తప్పనిసరి. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిని గెలిచి, అక్కణ్నుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కృష్ణదేవరాయలు కట్టించిన గుడి అది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హజారరామాలయంలో రామాయణమంతా గోడల మీదే ఉంటుంది, అమ్మగారిని అక్కడ తొందరపెట్టకండి.