సంస్కారానికి ఒకే పాత్రా, చిన్న కప్పులా?

కృష్ణాతీరం: అందరికీ వందనాలు. మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్‌లో వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. "సంఘంలో అందరికీ చోటు" అనేది అంశం. ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో, అందరూ తాగే ఒకే పాత్ర మానేసి చిన్న కప్పులు పెట్టాలని ఒక తీర్మానం వచ్చింది. కోవిడ్ నుంచి చాలామంది రొట్టె తీసుకుని పాత్ర ముట్టకుండా లేచిపోతున్నారు. మీరేమంటారు?

స్టీవార్డు: కప్పులే మేలు. 200 మందికి లెక్క చెప్తా. ట్రేకి 40 కప్పులు, అంటే 5 ట్రేలు. కప్పుకి 10 మిల్లీలీటర్లు పోస్తే 2 లీటర్ల రసం చాలు. అంచుదాకా పోయొద్దు, ట్రే వంగితే బల్లగుడ్డ మీద మరక పడుతుంది. ఆరాధనకు ముందే పోసి మూత పెట్టాలి, లేకపోతే ఈగలు.

పాతక్రమం: బైబిల్లో 1 కొరింథీ 10:16, 17 చదవండి. ఒకే రొట్టె, ఒకే పాత్ర. శుభ్రత గురించి భయమైతే పద్ధతిగా చేయండి. ఒకరు తాగగానే అంచును లోపలా బయటా నారబట్టతో తుడిచి, పాత్రను కొంచెం తిప్పి పక్కవారికి ఇవ్వాలి. వరుసకో బట్ట మార్చాలి. తడిసిన బట్టతోనే చివరిదాకా తుడవడం వల్లే జనం వెనక్కి తగ్గుతున్నారు.

జాన్_గుంటూరు: రొట్టె ముంచుకుని తింటే పోలా?

స్టీవార్డు: అది ఇంకా ఇబ్బంది బ్రదర్. రసం సగానికి వచ్చేసరికి వేళ్లు మునుగుతాయి. మామూలు బ్రెడ్ అయితే తునకలు అడుగున పేరుకుంటాయి. పాస్టరయ్యగారే వేఫర్ (పలుచని అప్పం) ముంచి చేతికివ్వాలి. ఇక తుడవడం సంగతి. తుడిస్తే ఉమ్మి తగ్గుతుంది, పోదు. మన సంఘాల్లో చాలాచోట్ల వాడేది ద్రాక్షపళ్లు కాచి తీసిన రసం, పులిసినది కాదు. సారా గుణం క్రిములను చంపుతుందనే మాట ఇక్కడ చెల్లదు.

పాతక్రమం: సారా మాట నేనెత్తలేదు. వెండి పాత్ర, పొడి బట్ట, అంతే అన్నాను.

స్టీవార్డు: పొడి బట్ట ఎన్ని వరుసలకు? వరుసకు 12 మంది అనుకుంటే 17 వరుసలు. 17 బట్టలు ఎవరు ఉతికి ఇస్త్రీ చేస్తారు?

స్త్రీల_మైత్రి: అయ్యా, 200 కప్పులు ఎవరు కడుగుతారో కూడా అడగండి. వేడినీళ్లలో కడిగి బోర్లించి ఆరబెట్టాలి, తడిమీద సర్దితే వాసనొస్తుంది. ఏ తీర్మానమైనా ఆ పని మా నెత్తినే పడుతుంది, కమిటీలో మాత్రం మేం ఇద్దరమే. మోకరించలేని ముసలివాళ్లకు బల్ల దగ్గర నాలుగు కుర్చీలు వేయమంటే ఇంతవరకు వేయలేదు. అందరికీ చోటంటే ముందు అది కాదా?

పాతక్రమం: కుర్చీలు వేయాల్సిందే అమ్మా. కానీ ఒకటి చూడండి. 1950లో వచ్చిన సి.ఎస్.ఐ. ఆరాధన క్రమంలో ఒకరికొకరు సమాధానం (శాంతి) చెప్పుకునేటప్పుడు పక్కవారి చేతిని మన రెండు అరచేతుల మధ్య పట్టుకుంటాం. చేయి పట్టుకోవడానికి లేని భయం పాత్ర దగ్గరే ఎందుకు? క్రిముల భయం కాదిది. ఎవరి తర్వాత తాగాలన్నదే.

స్టీవార్డు: అంటే నాది కులగజ్జి అంటున్నారా? మాట వెనక్కి తీసుకోండి!

జాన్_గుంటూరు: బ్రదర్స్, శాంతం.

ఒంగోలు_బాప్తిస్టు: దాచి లాభం లేదు. రెండు పేటల సంఘాల్లో మాల ముందా మాదిగ ముందా అన్న లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అన్నప్పుడు, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర 1 కొరింథీ 1:26-29 చదివి మాదిగల పక్షానే నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ చరిత్ర చెప్పుకునే మనమే ఇప్పుడు వరుసలు చూసుకుంటున్నాం.

కృష్ణాతీరం: సరే, సవరణ పెడతాను. పాత్ర అయినా కప్పు అయినా, నెలకోసారి మందిరం వెనక బెంచీల నుంచి బల్ల దగ్గరికి రావాలి.

స్టీవార్డు: వెనక నుంచంటే మావాళ్లు ఆఖరికి పోతారు. ముందు బెంచీలు మా తాతల చందాలతో చేయించినవి, వాటి మీద పేర్లున్నాయి.

స్త్రీల_మైత్రి: యాకోబు 2:2, 3 చదవండి అయ్యా. మంచి బట్టలవానికి మంచి చోటు, బీదవానికి పాదపీఠం దగ్గర చోటు. తప్పని రాసి ఉంది.

స్టీవార్డు: వాక్యం నాకూ తెలుసు. బెంచీల మీద పేర్లు చెరిపితే మాత్రం ఒప్పుకోను. కప్పుల తీర్మానం విడిగా ఓటుకు పెట్టండి.

కృష్ణాతీరం: విడిగానే పెడతా. బెంచీల సవరణకే ముందు ఓటు.