అప్‌డేట్: డిజైన్ ఉన్న పెద్దల డైపర్లు, ప్లాస్టిక్ పొరా క్లాత్ టైపా?

పూలు, రంగుల డిజైన్లున్న పెద్దల డైపర్లలో బయటి పొర ఏది మంచిదని అడిగాను కదా. రెండు రకాలూ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది ఇది.

ప్లాస్టిక్ రకంలో బయటికి కనిపించేది పాలిథిన్ ఫిల్మే, కాబట్టి రంగులు కొట్టొచ్చినట్టుంటాయి. క్లాత్ టైపులో ఫిల్మ్ పైన పల్చటి నాన్‌వోవెన్ (నేయకుండా తయారుచేసిన) గుడ్డ అంటించి ఉంటుంది. డిజైన్ అచ్చు ఆ గుడ్డ కింద పడితే అదే పువ్వు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

అసలు తేడా టేపుల దగ్గరే. ప్లాస్టిక్ మీద జిగురు టేపు ఒకసారి అంటిందంటే సర్దడానికి లాగగానే ఫిల్మ్ చిరుగుతుంది. ముందు భాగంలో అడ్డంగా గట్టి పట్టీ ఉంటేనే ఆ బాధ ఉండదు. కొనేముందు అది తప్పక చూడండి. చేతికి పౌడరో కొబ్బరినూనో ఉన్నా జిగురు పట్టదు. క్లాత్ టైపుకి సన్నటి కొక్కేల టేపు వస్తుంది, తీసి మళ్లీ పెట్టొచ్చు. మంచాన ఉన్నవాళ్లకు మార్చేటప్పుడు ఇదే హాయి.

ఇంకోటి: డైపర్ మీద ఉండే, తడి తగిలితే పసుపు నుంచి నీలానికో ఆకుపచ్చకో మారే గీత ముదురు డిజైన్‌లో కలిసిపోతుంది. లేత రంగే తీసుకోండి.

పీల్చుకునే శక్తి లోపలి గుజ్జు, జెల్ పొడిదే. డిజైన్‌తో సంబంధం లేదు. మన ఎండలకు మాత్రం గాలాడే క్లాత్ టైపే నయం. ప్లాస్టిక్ కింద చెమట నిలిచి గజ్జల్లో ఒరుసుకుంటుంది.