మావాడు కొడితే కంచె దాటుతుంది, లేదంటే స్ట్రయికౌట్. ఆరన్ జడ్జ్ కూడా మొదట్లో ఇంతేనా?

ఎడిసన్_నాన్న:
అందరికీ నమస్కారం. మాది న్యూజెర్సీ. మావాడికి 13 ఏళ్లు, వయసుకు మించిన పొడుగు. పోయినేడాది వరకు చిన్న మైదానంలో బేస్‌బాల్ ఆడాడు, అక్కడ పిచ్చర్ 46 అడుగుల దూరం నుంచి వేసేవాడు, వీడు వారానికొకటైనా కంచె అవతల పడేసేవాడు. ఈ ఏడాది పెద్ద మైదానానికి మారారు. ఇప్పుడు దూరం 60 అడుగుల 6 అంగుళాలు, వేసేవాళ్లు కూడా గడ్డాలు మొలుస్తున్న పిల్లలు. మొన్న శనివారం నాలుగుసార్లు దిగి నాలుగుసార్లూ స్ట్రయికౌట్ (ఊపి తప్పినవి, కొట్టాల్సిన చోట వదిలేసినవి కలిపి మూడు స్ట్రయికులు పడి అవుట్) అయ్యాడు. కారులో ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నాకు టెన్షన్‌గా ఉంది.

నేను గుంటూరులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి, ఈ ఆట లోతుపాతులు నాకంతగా పట్టుబడలేదు. ఊపు తగ్గించి బంతికి బ్యాటు తగిలిస్తే చాలని ఇక్కడ కొందరు పెద్దవాళ్లు వాడికి చెబుతున్నారు. వాడేమో గోడ మీద ఆరన్ జడ్జ్ (న్యూయార్క్ యాంకీస్ జట్టు హిట్టర్) బొమ్మ చూపించి "ఈయన కూడా మొదట్లో సగంసార్లు స్ట్రయికౌట్ అయ్యాడు నాన్నా" అంటాడు. నిజమేనా? నిజమైతే అక్కడినుంచి అంత పెద్ద హిట్టర్ ఎలా అయ్యాడు? పుట్టుకతో వచ్చిన బలమేనా, ఏమైనా మార్చుకున్నాడా?

బ్రాంక్స్_బాబాయ్:
మీవాడు చెప్పింది అక్షరాలా నిజం. 2016 ఆగస్టు 13న జడ్జ్ యాంకీస్ తరఫున మొదటిసారి బ్యాటు పట్టాడు, ఆ మొదటిసారే హోమ్ రన్ (బంతి కంచె అవతలికి, మన సిక్సర్ లాంటిది). అంతకు ముందు బ్యాటర్ టైలర్ ఆస్టిన్, అతనికీ అదే మొదటి మ్యాచ్, అతనూ హోమ్ రనే. స్టేడియం ఊగిపోయింది. ఆ సంబరం ఎన్నాళ్లో లేదు. ఆ సీజన్ అయ్యేసరికి జడ్జ్ లెక్క 84 ఎట్-బ్యాట్లలో (బ్యాటింగ్ విడతల్లో) 42 స్ట్రయికౌట్లు, బ్యాటింగ్ సగటు .179, అంటే వెయ్యి విడతలకు 179 హిట్ల లెక్క. ఈ ఆటలో .250 అంటే ఫర్వాలేదు, .300 అంటే గొప్ప, కాబట్టి .179 అంటే ఎవరైనా బెంచీ మీదికి పోవాల్సిందే. ఆ .179 అనే అంకెను ఫోన్లో రాసిపెట్టుకుని రోజూ చూసుకునేవాడు.

మార్చుకున్నాడా అని అడిగారు కదా, చాలా మార్చుకున్నాడు. ఆ చలికాలంలో రిచర్డ్ షెంక్ అనే కోచ్ దగ్గరికి వెళ్లాడు. ఈయన ఏ జట్టు మనిషీ కాదు, పేరుమోసిన పాత హిట్టర్ బ్యారీ బాండ్స్ వీడియోలు పదే పదే చూసి ఊపులోని కీలకం సొంతంగా పట్టుకున్న మనిషి. ఆయన చెప్పింది గట్టిగా ఊపమని కాదు. బంతిని ఎక్కువసేపు చూసి, మొదలుపెట్టాక మాత్రం తటాలున తిప్పమన్నాడు. చేతులు ముందుకు తోస్తూ బంతి వెంట పడితే బ్యాటు నెమ్మదిస్తుంది, వెనక ఉన్నప్పుడే వేగం అందుకుంటే నిర్ణయానికి కాస్త సమయం మిగులుతుంది.

మరుసటి ఏడాదే, 2017లో, 52 హోమ్ రన్లు! మొదటి పూర్తి సీజన్‌లో ఎవరూ అన్ని కొట్టలేదు, 1987లో మార్క్ మగ్వైర్ కొట్టిన 49 దాటేశాడు. (తర్వాత 2019లో న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్ కుర్రాడు పీట్ అలోన్సో 53 కొట్టి దాన్నీ దాటాడు.) మీవాడికి ఇంకొకటి చెప్పండి. అదే 2017లో జడ్జ్ స్ట్రయికౌట్లు 208. వాటి పక్కనే 127 వాక్‌లు (పక్కకు పడ్డ నాలుగు బంతులు వదిలేసి ఉత్తినే మొదటి బేస్‌కి వెళ్లడం). నా దృష్టిలో 52 కంటే ఆ 127 పెద్ద అంకె. ఏ బంతిని వదలాలో తెలిసింది కాబట్టే కొట్టాల్సిన బంతి దొరికింది.

ఫ్రెస్నో_పాత_విద్యార్థి:
నేను ఫ్రెస్నో స్టేట్‌లో మాస్టర్స్ చేస్తున్న రోజుల్లో జడ్జ్ అక్కడే కాలేజీ జట్టుకు ఆడేవాడు. టికెట్ తక్కువని నేనూ, నా రూమ్మేట్లు బైడెన్ ఫీల్డ్‌కి వెళ్లి కూర్చునేవాళ్లం, రూల్స్ ఒక్కోటీ అక్కడే నేర్చుకున్నాం. 6 అడుగుల 7 అంగుళాల మనిషి కనబడకుండా ఎలా ఉంటాడు! అయినా అప్పట్లో ఆయన్ని ఎవరూ హోమ్ రన్ల వీరుడు అనలేదు. మొదటి ఏడాది 2, రెండో ఏడాది 4, మూడో ఏడాది 12, మూడేళ్లకీ కలిపి 18. అంతకు ముందు హైస్కూల్ అయ్యాక 2010లో ఓక్లాండ్ జట్టువాళ్లు డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) 31వ రౌండ్‌లో పిలిస్తే వెళ్లకుండా కాలేజీలో చేరాడు. స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు. 2013లో యాంకీస్ మొదటి రౌండ్‌లోనే, 32వ పిలుపులో తీసుకున్నారు. ఆ తర్వాత కూడా మైనర్ లీగుల్లో (పెద్ద లీగుకి కిందిస్థాయి పోటీల్లో) ఏళ్లు గడిపాడు, ఆ 52 కొట్టిన ఏడాదికి 25 నిండాయి. మీవాడికి 13. ఇప్పుడే కంచె దాటకపోతే ఏమవుతుందండీ.

డాలస్_అక్క:
మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది కాబట్టి నా అనుభవం కూడా చెబుతాను, కానీ బాబాయ్ గారి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. జడ్జ్ బరువు 282 పౌండ్లు. ఆయన సరిగ్గా తగలని బంతి కూడా కంచె దాటేస్తుంది, 13 ఏళ్ల పిల్లాడికి ఆ వెసులుబాటు ఉండదు. అందుకని 208 స్ట్రయికౌట్లు చూపించి పిల్లలకు ధైర్యం చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త. రెండు స్ట్రయికులు పడ్డాక ఊపు కొంచెం కుదించి బంతిని ఆటలో పెట్టడం నేర్పించడంలో తప్పేం లేదు. అలాగని మొదటి బంతి నుంచే తగిలించి ఊరుకోమంటే మాత్రం పిల్లాడిలో ఉన్నది పోతుంది.

ఇంకొక సంగతి. పొడుగు వల్ల లాభమే కాదు, నష్టం కూడా ఉంది. స్ట్రయిక్ జోన్ (ఇందులోంచి పోయే బంతిని వదిలేసినా స్ట్రయికే) మనిషి మోకాళ్ల కింది భాగం నుంచి ఛాతీ దాకా కొలుస్తారు కాబట్టి పొడుగువాళ్లకు ఎక్కువ చోటు కాచుకోవాలి. జడ్జ్‌కి మోకాళ్ల కింద పడ్డ బంతులను అంపైర్లు స్ట్రయిక్ అన్న సందర్భాలు ఎన్నో. ఆయన గొడవ పడకుండా వెనక్కి తిరిగి నడిచేవాడు, నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది అదే.

2022 అక్టోబర్ 4న మా ఇంటిల్లిపాదీ ఆర్లింగ్‌టన్ స్టేడియంలో ఉన్నాం. ఆ రోజు రెండు మ్యాచ్‌లు, రెండోదానిలో ఆట మొదలవుతూనే జడ్జ్ ఆ ఏడాది 62వ హోమ్ రన్ కొట్టాడు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టాడు, అమెరికన్ లీగ్‌లో (పెద్ద లీగులోని రెండు భాగాల్లో ఒకటి) ఆ అంకె 61 ఏళ్లు అలాగే నిలిచింది. ఆడేది టెక్సస్ రేంజర్స్ సొంత ఊళ్లో, అయినా అందరూ లేచి నిలబడ్డారు. ఆ ఏడాది ఆయన స్ట్రయికౌట్లు 175. మా అమ్మాయికి ఆ అంకె చూపించి, 2017లో 208 ఉన్నవి ఎక్కడ తగ్గాయో వెతకమన్నాను.

బ్రాంక్స్_బాబాయ్:
అక్కా, రెండు స్ట్రయికుల మాట ఒప్పుకుంటాను. ఎడిసన్ తమ్ముడూ, క్రికెట్ భాషలో చెబుతాను. ఆఫ్ స్టంప్ బయట పడి ఇంకా బయటికి పోయే బంతిని వెంటాడి ఎడ్జ్ ఇచ్చే కుర్రాణ్ణి మన దగ్గర కోచ్ ఏం చేస్తాడు? షాట్ మానెయ్యమనడు, వదలడం నేర్పుతాడు. జడ్జ్‌ని అందరూ పట్టుకున్నది కూడా అక్కడే, బయటికి, కిందికి జారే స్లయిడర్‌తో. 2017 ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్ మీద 20 ఎట్-బ్యాట్లలో 16 స్ట్రయికౌట్లు, ఒకే ఒక్క హిట్. 52 కొట్టిన మనిషి! ఆ మరుసటి సిరీస్‌లోనే హ్యూస్టన్ మీద మూడు హోమ్ రన్లు కొట్టాడు. పెద్దవాళ్ల ఆటలో గంటకు 95 మైళ్ల బంతి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీది పలక) చేరడానికి సుమారు 0.4 సెకన్లు, ఊపుకే అందులో 0.15 దాకా పోతుంది. మీవాడికి అంత వేగం రాదు కానీ పని ఒకటే. వారంలో ఒకరోజు బ్యాటు భుజం మీదే ఉంచి నిలబడమనండి, ప్రతి బంతికీ స్ట్రయికా, బాలా (జోన్ బయటిదా) అని మాత్రమే అరవాలి.

ఎడిసన్_నాన్న:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం పార్కులో అదే చేశాం, నేను వేశాను, వాడు ఊపకుండా నిలబడ్డాడు. మొదటి ఇరవైలో తొమ్మిది తప్పు చెప్పాడు, చివరి ఇరవైలో నాలుగు. పొడుగు మైదానం కొత్త కాబట్టి కళ్లకే ఇంకా అలవాటు పడలేదని నాకు అప్పుడు అర్థమైంది. ఊపు తగ్గించమని ఇక చెప్పను. ఇంటికొచ్చాక గోడ మీది బొమ్మ కింద నాలుగు స్ట్రయికౌట్లు అని పెన్సిల్‌తో తనే రాసుకున్నాడు.