జూజూ విందుల్లో నోట్ల డబ్బు ఎవరికి చేరుతుంది?

నైజీరియాలోని యొరుబా జాతివాళ్ళ జూజూ సంగీతం తెలిసినవాళ్ళు సాయం చేయండి. కింగ్ సన్నీ అడే, ఎబినేజర్ ఒబే లాంటివాళ్ళు విందులో ఒక పెద్దమనిషి పేరెత్తి పొగుడుతూ పాడితే, ఆయన లేచొచ్చి గాయకుడి నుదుటి మీద నోట్లు అంటిస్తాడు. మన పౌరాణిక నాటకాల్లో పద్యానికి చదివింపుల్లాగే, పేరు నలుగురిలో మోగాలి.

నాకు అర్థం కానిది లెక్క. ఆ డబ్బు ముందే మాట్లాడుకున్న పారితోషికానికి అదనమా? డోలు వాయించేవాళ్ళకి, కోరస్‌కి వాటా ఉంటుందా, అంతా నాయకుడిదేనా? యొరుబా మాటల ఎత్తుపల్లాలను అనుకరించే ‘మాట్లాడే డోలు’ ఉంటుంది, ఆ పొగడ్తలో సగం పలికేది అదే కదా!

పైగా 2007 నాటి సెంట్రల్ బ్యాంకు చట్టం ప్రకారం నైరా నోట్లు వెదజల్లడం నేరం. కనీసం 6 నెలల జైలు, లేదా కనీసం 50,000 నైరాల జరిమానా, లేదా రెండూ. మరి ఇప్పుడు కవర్లలో పెట్టి ఇస్తున్నారా? లాగోస్, ఇబాదాన్‌లలో ఇలాంటి విందులకు వెళ్ళినవాళ్ళు కళ్ళారా చూసింది చెప్పండి.