తాగి చేసింది "గుర్తులేదు" అంటే నమ్మాలా?

వేకువచుక్క:
అందరికీ నమస్కారం. మా నాన్న ఇరవై రెండేళ్లు తాగారు. రాత్రి అమ్మను కొట్టేవారు. పొద్దున్నే లేచి "ఆ చేతికేమైంది?" అని అమ్మనే అడిగేవారు. గుమ్మం దగ్గర నిలబడి ఆయన మొహం చూసేదాన్ని. నిజంగానే ఏమీ తెలియనట్టు ఉండేది. ఎంత నటిస్తున్నాడో అనుకుంటూ పెరిగాను. ఈమధ్య ఒక డాక్టరుగారు అది నటన కాకపోవచ్చన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నిజంగా గుర్తుండదా? గుర్తులేకపోతే తప్పు లేనట్టేనా?

నికార్సు:
అంతా నాటకం. తాగినవాడు ఇంటి దారి మరిచిపోడు, బీరువా తాళం ఎక్కడుందో మరిచిపోడు. కొట్టింది మాత్రం మరిచిపోతాడా?

రాత్రిడ్యూటీ:
నికార్సు గారూ, పద్నాలుగేళ్లుగా వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఇంటి దారి పాత జ్ఞాపకం. అది మెదడులో ఎప్పుడో స్థిరపడిపోయింది, మందు దాన్ని చెరపదు. కొత్తగా జరుగుతున్నదాన్ని దాచిపెట్టే పని హిప్పోక్యాంపస్ అనే భాగానిది. ఖాళీ కడుపుతో గబగబా తాగి, రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా పెరిగితే ఆ పని ఆగిపోతుంది. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, వాదిస్తాడు, ఒక్కటీ లోపల నిలవదు. దీన్నే బ్లాకౌట్ అంటాం. కొందరికి ముక్కలుముక్కలుగా గుర్తుంటుంది, ఎవరైనా చెబితే కొంత తిరిగొస్తుంది. పూర్తి బ్లాకౌట్ అయితే ఎంత గుర్తుచేసినా రాదు. రాసి చెరిపేసిన పలక కాదది, అసలు రాయని పలక.

అయితే తల్లీ, తర్వాత గుర్తులేకపోవడం వేరు, ఆ క్షణాన తెలియకపోవడం వేరు. ఎవరి చెయ్యి మెలిపెడుతున్నాడో అప్పుడు ఆయనకు తెలుసు.

నికార్సు:
అప్పుడు తెలుసని మీరే అన్నారు, ఇక చర్చ అనవసరం. మా బావ ఎంత తాగినా పై అధికారి ఎదురుపడితే చేతులు కట్టుకుని నిలబడేవాడు. మా అక్క ఎదురుపడితే చెయ్యి లేచేది. అదే మందు, అదే మెదడు. అధికారిని ఎందుకు కొట్టలేదో చెప్పండి.

రెండోపుట:
తాగుడు జబ్బు. 1956లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అలా గుర్తించింది. నేను మానేసి ఆరేళ్లయింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో ఒకచోట సన్నని తీగ పెట్టారు. మీట నొక్కితే అక్కడ కరెంటు తగిలేలా చేశారు. అవి నొక్కుతూనే ఉన్నాయి. మందు, గంజాయి, హెరాయిన్, కొకెయిన్ తలా ఒక దారిన వెళ్లి అక్కడి నరాల వలయాన్నే మీటుతాయి. ఆ వలయంలో ఊరే రసాయనం డోపమైన్. డోపమైన్ అంటే సుఖమనుకుంటారు, అది "కావాలి" అనే తపన. చివరి నాలుగేళ్లు నాకు తాగుడులో సుఖమన్నది లేదు. కావాలి అన్నది మాత్రం రోజురోజుకీ పెరిగింది. నుదుటి వెనకుండే భాగం "వద్దురా" అనాలి. ఏళ్లతరబడి తాగితే దాని గొంతే పడిపోతుంది.

ఇంకొకటి. మందు మెదడును జోకొట్టే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది, ఉరికించే గ్లుటమేట్ అనే రసాయనాన్ని అణుస్తుంది. మెదడు ఊరుకోదు, సరితూగడానికి తన ఉరుకు పెంచుకుంటుంది. పొద్దున మందు దిగాక మిగిలేది ఆ ఉరుకే. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నా పళ్లకు టకటకా కొట్టుకునేది. అది నేను కోరుకుని చేసిందంటారా?

ఒంటరిగాలి:
చేతులు వణకడం జబ్బే, ఒప్పుకుంటాను. చెయ్యి చేసుకోవడం కూడా జబ్బేనా?

రెండోపుట:
మెదడు దెబ్బతింటే ప్రవర్తన దెబ్బతినదా? రెండూ ఒకచోటి నుంచే వస్తాయి.

చదువరి:
అంత సులువు కాదండీ. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదోవంతు హెరాయిన్‌కు బానిసలయ్యారు. తిరిగొచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్లను వెంబడించి పరిశీలించారు. అక్కడ బానిసలైనవాళ్లలో మొదటి ఏడాది మళ్లీ ఆ వ్యసనంలో పడింది 5 శాతమే. చోటు మారింది, తోడు మారింది, అవసరం మారింది. అంతా మెదడులోనే ఉంటే ఇదెలా సాధ్యం?

మందు విషయంలోనూ అంతే. 1973లో మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తాగుడు అలవాటున్నవాళ్లకు ఉత్త టానిక్ వాటర్ (మందు లేని చేదు సోడా) ఇచ్చి వోడ్కా కలిపామని చెప్పింది. ఎక్కువ తాగారు. వోడ్కా కలిపినదిచ్చి ఉత్త టానిక్ వాటర్ అంటే తక్కువ తాగారు. గ్లాసులో ఏముందన్నదానికన్నా ఏముందనుకున్నారన్నదే నడిపించింది.

రెండోపుట:
ఆ సైనికులు హెరాయిన్ దొరికే చోటిని వదిలి సముద్రం దాటి ఇంటికొచ్చారు. నేనెక్కడికి రావాలి? నా సీసా నా ఇంట్లోనే ఉండేది. చదివి చెప్పడం తేలిక.

నికార్సు:
అధికారిని ఎందుకు కొట్టలేదన్న ప్రశ్నకు ఇంతవరకూ జవాబు రాలేదు.

రాత్రిడ్యూటీ:
నేను చెబుతాను. స్టీల్, జోసెఫ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీన్ని మందు తెచ్చే హ్రస్వదృష్టి అన్నారు. తాగితే చూపు ఇరుకైపోతుంది, కళ్లముందు పెద్దగా కనబడేదే లోకం. అధికారి నిలబడితే కళ్లముందున్నది భయం, అందుకని చేతులు కట్టుకుంటాడు. ఇంట్లో కళ్లముందున్నది కోపం. రేపేమవుతుందన్నది చూపులోకే రాదు. అంటే బ్రేకు అరిగింది గానీ ఊడిపోలేదు. మీ బావగారికి మీ అక్క దగ్గర భయపడాల్సిన పని లేకపోయింది. అది మందు ఇచ్చింది కాదు, అంతకుముందే ఇంట్లో ఉన్నది.

నికార్సు:
ఇన్నాళ్లకు ఒకరు ఒప్పుకున్నారు.

కొత్తసభ్యుడు:
ఇన్ని మాటలెందుకు, గదిలో పెట్టి వారం రోజులు తాళం వేస్తే వాళ్లే మానేస్తారు.

రాత్రిడ్యూటీ:
దయచేసి ఎవరూ ఆ పని చేయకండి! రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడడం, ఒళ్లంతా చెమటలు, జ్వరం, మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవడం, వీటితో ప్రాణం పోవచ్చు. మాన్పించాల్సింది ఆసుపత్రిలో, మందులతో, మెల్లగా. ముందురోజు రాత్రంతా తలుపులు బాదాడని, తర్వాత చప్పుడు ఆగితే నిద్రపోయాడనుకున్నామని చెబుతూ ఒకతన్ని తీసుకొచ్చారు. ఆ తల్లి మొహం నేను మరిచిపోలేను.

నికార్సు:
రెండోపుట గారూ, ఒక్కటి అడుగుతాను. జబ్బు జబ్బు అని ఇంత గట్టిగా పట్టుపడుతున్నారే, మీరెవర్ని కొట్టారు?

రెండోపుట:
అది మీకు అనవసరం. మీ బావ మీదున్న కసి నామీద తీర్చుకుంటున్నారు. ఇలాంటివాళ్ల వల్లే తాగేవాడు నోరు విప్పి సాయం అడగడు!

ఒంటరిగాలి:
కొంచెం తగ్గండి ఇద్దరూ.

రెండోపుట:
గంట నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను. చెబుతాను. మా అబ్బాయిని. ఏం చేశానో నాకు తెలియదు, మా ఆవిడ చెబితే విన్నాను. మూడేళ్లుగా వాడు నా ఫోను తీయడం లేదు. ఇక్కడ రాసినవన్నీ వాడికి పంపినవే. డోపమైన్, గాబా, అన్నీ. ఒక్కదానికీ జవాబు లేదు.

వేకువచుక్క:
అన్నీ చదివాను. నేను మొదట పూర్తిగా చెప్పలేదు. నాన్నకు ఇప్పుడు కోర్సకాఫ్ జబ్బు. తాగుడుతో బి1 విటమిన్ ఒంట్లో లేకుండా పోయి మెదడు దెబ్బతింది. పదినిమిషాల క్రితం జరిగింది నిలవదు. ఖాళీలను ఏదో ఒక కథతో పూరిస్తారు, అది అబద్ధమని ఆయనకే తెలియదు. పెళ్లైన కొత్తలోవి గుర్తున్నాయి. మేమిద్దరం ఏనాడూ మాటామాటా అనుకోలేదమ్మా అంటారు. అమ్మ ఎక్కడ అని అడుగుతారు. అమ్మ పోయి రెండేళ్లయింది. చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తారు, కాసేపటికి మళ్లీ అడుగుతారు.

చుట్టాలంతా జబ్బు మనిషి, క్షమించేసి ఇంటికి తెచ్చుకో అంటున్నారు. నేను అడగాలనుకున్నది ఇదీ. జబ్బని తేలితే నేను క్షమించి తీరాలా? ఆయన మరిచిపోయారు, అమ్మ లేదు. ఆ రాత్రులు ఇక నా ఒక్కదాని తలలోనే ఉన్నాయి. నేను కూడా వదిలేస్తే అమ్మకు అది జరిగిందని ఎవరికి తెలుసు?

చదువరి:
ఇంతసేపూ వేరే ప్రశ్నకు జవాబులు రాశాను. మన్నించండి.

నికార్సు:
తెచ్చుకోవద్దమ్మా.

రాత్రిడ్యూటీ:
తెచ్చుకోవడం, చూసుకోవడం, క్షమించడం మూడూ వేరువేరమ్మా. బి1 ఇంజెక్షన్లు ఆపనివ్వకండి, కొంత మెరుగుపడేవాళ్లు ఉన్నారు. మిగతా రెండూ మీ ఇష్టం. మీ చుట్టాలది కాదు.

వేకువచుక్క:
ఇంజెక్షన్లకు డబ్బు కడుతున్నాను. ఆదివారాలు వెళ్లి కూర్చుంటున్నాను. క్షమించానని మాత్రం నోటితో అనలేను.

రెండోపుట:
వాడికి ఏం రాయమంటావమ్మా?

వేకువచుక్క:
మెదడు గురించి ఇక రాయకండి. ఆ రాత్రి ఏం జరిగిందో తననే చెప్పమనండి. చెబితే మధ్యలో మాట్లాడకండి. మా నాన్న ఒక్కసారి అలా అడిగి, జవాబు చెప్పేదాకా కూర్చుని ఉంటే చాలనుకునేదాన్ని.

రెండోపుట:
వాడికప్పుడు పదకొండేళ్లు. అడుగుతాను.