సమస్య: రాయియయ్యెఁ దేనె రసములోన

నిర్వాహకుడు:
ఈ వారం పూరించవలసిన సమస్య ఇది.

రాయియయ్యెఁ దేనె రసములోన

శనివారం సాయంత్రం ఇంటికి వచ్చిన మిత్రులకు గోల్డ్ రష్ అనే కాక్‌టెయిల్ కలిపి ఇద్దామనుకున్నాను. బర్బన్ (మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే అమెరికా విస్కీ) 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 22 మిల్లీలీటర్లు కొలిచి షేకర్‌లో పోసి, మంచుముక్కలు వేసి, తేనెను మాత్రం సీసాలోంచి చెంచాతో తీసి నేరుగా అందులో వేశాను. పదిహేను సెకన్లు గట్టిగా ఊపి, వడగట్టి గ్లాసుల్లో పోసి ఇస్తే, చాలా పుల్లగా ఉందని వారు మొగమాటపడుతూ చెప్పారు. మూత తీసి చూసేసరికి తేనె అంతా షేకర్ అడుగున గుగ్గిలం ముద్దలా పట్టుకుని ఉంది. చెంచా కాడతో గీకినా రాలేదు. నీళ్ళు కాచి పోస్తే గాని వదలలేదు. అలా కడుగుతుండగానే ఈ పాదం నోటికి వచ్చింది. పూరణలన్నీ బర్బన్, తేనె, నిమ్మ అనే ఈ మూడింటి చుట్టూనే తిరగాలని మనవి.

డాలస్ పథికుడు:
నిర్వాహకులు చూసినదానినే చూసినట్టు చెప్పడానికి ప్రయత్నించాను.

మంచుగడ్డలందు మధువుఁ బోసి కలుప
గోరువెచ్చ నీటఁ గూర్చకుండ
అడుగునంటి ముద్దయై నిల్చెఁ జిత్రమే
రాయియయ్యెఁ దేనె రసములోన

తేనెను ముందుగా గోరువెచ్చని నీటిలో కలిపి పలుచన చేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. మా ఇంట్లో మూడు పాళ్ళ తేనెకు ఒక పాలు నీరు కలుపుతాము. రెండు పాళ్ళకు ఒకటి కలిపేవారూ ఉన్నారు.

గూడూరు మాస్టారు:
పథికుల వారి పూరణ నిర్దోషంగా ఉంది. మొదటి పాదంలోని 'మధువు' తేనెకూ మద్యానికీ చెల్లుతుంది కనుక, బర్బన్ పేరు ఎత్తకుండానే బర్బన్ అందులోకి వచ్చింది; దీనిని నేను మెచ్చుకుంటున్నాను. అయితే 'చిత్రమే' అన్న మాట గణం నింపడానికి వచ్చిందే తప్ప, అక్కడ చిత్రమేమీ లేదు. చలికి తేనె చిక్కబడడం దాని స్వభావం. చలికాలంలో సీసాలోని తేనె వారాల తరబడి నిలిచి పలుకులు కట్టి పేరుకోవడం వేరు, మంచు తగలగానే ఇలా బిగుసుకుపోవడం వేరు. మొదటిదానికి తేనెలోని గ్లూకోజు కారణం. రెండవదానికి చలి ఒక్కటే కారణం, కాస్త వెచ్చబడగానే అది మళ్ళీ జారుతుంది. 'రాయి' అన్న మాట ఈ రెండవదానికి ఉపమానంగా మాత్రమే సరిపోతుంది.

లూయివిల్ వాసి:
సమస్యను ఉన్నదున్నట్టు తీసుకుంటే పూరణకు కొత్తదనం రాదని నా అభిప్రాయం. పాదాన్ని విరిచి చూశాను.

నిలువయుంచి మఱచి నెల దాఁటఁ జూచితిఁ
బులిసి పొంగుచుండెఁ బొగరు రేఁగి
పాకమున్న జాడి పరికింపఁ దెలిసె, సా
రాయియయ్యెఁ దేనె రసములోన

ఇది కూడా అనుభవమే. తేనె ఎంతో నీరు ఎంతో సరిసమంగా కలిపిన పాకాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం మరచి, వంటగది అరలో ఒక నెల వదిలేశాము. మూత తిప్పగానే బుస్సుమంది. సీసాలోని తేనెలో నీరు సాధారణంగా నూటికి పదిహేడు పద్దెనిమిది పాళ్ళకు మించదు కనుక అది ఏళ్ళ తరబడి చెడదు. సగానికి సగం నీరు కలిపితే మాత్రం పులియడానికి దారి ఇచ్చినట్టే. మూడు పాళ్ళకు ఒకటి కలిపే పథికుల వారి పద్ధతిలో పాకం ఇంకొంత కాలం నిలుస్తుంది, నిమ్మ పులుపు నడుమ తేనె వాసన కూడా నిలబడుతుంది.

డాలస్ పథికుడు:
'సారాయి' అని విరవడం ఎంత అందంగా ఉందండీ! నాకు తోచనే లేదు.

గూడూరు మాస్టారు:
విరుపు అందంగానే ఉంది, యతి కూడా చక్కగా కుదిరింది. అర్థం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. పులిసినంత మాత్రాన సారాయి కాదు. బట్టీ పెట్టి ఆవిరి పట్టి దించితేనే సారాయి. తేనె పులిసి అయ్యేది మీడ్. మన శాస్త్రకారులు బెల్లపు సురను గౌడి అని, పిండి సురను పైష్టి అని, మూడవదానిని మాధ్వి అని వేరుగా పిలిచారు. కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండే ధాన్యపు పిండితో పుట్టిన బర్బన్ పైష్టి వంశానికి చెందినది; జాడిలో పొంగిన మీ తేనె మాధ్వి. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలవడం సరికాదు.

లూయివిల్ వారు మాట విరుపు మీద ప్రేమతో విషయాన్ని పక్కకు నెట్టడం ఇదే మొదటిసారి కాదు. బర్బన్ మీద ఇచ్చిన వెనుకటి సమస్యకు వారు పంపిన పూరణ "కెంటకీని విడువఁ గీర్తి లేదు" అని ముగిసింది. బర్బన్ అమెరికాలో ఎక్కడ చేసినా బర్బనే. 1964లో అమెరికా కాంగ్రెసు చేసిన తీర్మానం దానిని అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రత్యేక ఉత్పత్తి అని చెప్పింది గాని, కెంటకీది అని చెప్పలేదు. ఆనాడు నేను ఈ మాట రాస్తే వారు జవాబివ్వలేదు.

లూయివిల్ వాసి:
ఆనాడు జవాబివ్వకపోవడం నా తప్పే, ఇప్పుడు ఇస్తాను. నేను 'కీర్తి' అన్నాను, 'చట్టం' అనలేదు. ఇనుము లేని సున్నపురాతి నీళ్ళు, వేసవి వేడికి పీపా చెక్కలోకి ఇంకి చలికాలంలో మళ్ళీ బయటికి వచ్చే మద్యం, తరాలుగా అదే పనిలో ఉన్న కుటుంబాలు, వీటన్నిటితో వచ్చిన పేరు అది. చట్టం ఏ ఊరికీ పేరు తెచ్చిపెట్టదు. ఆ పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చను.

సారాయి విషయంలో మాత్రం మాస్టారు గారి మాటకు తలవంచుతున్నాను. కోస్తాలో పెరిగినవాడిని కనుక మత్తు ఇచ్చేదానినంతా సారాయి అనేశాను.

నిర్వాహకుడు:
వెనుకటి పూరణ మాట ఇక్కడితో ఉంచుదాము. మాస్టారు గారు చెప్పిన పైష్టి, మాధ్వి భేదం మాత్రం ఈ పానీయానికి సరిగ్గా వర్తిస్తుందని నాకు తోచింది. గోల్డ్ రష్‌లో ఆ రెండు వంశాల మూలద్రవ్యాలూ ఒకే గ్లాసులో కలుస్తాయి. న్యూయార్కులో సాషా పెట్రాస్కీ నడిపిన మిల్క్ అండ్ హనీ అనే బార్‌లో, 2000 ప్రాంతంలో టీ.జే. సీగల్ విస్కీ సవర్‌లోని పంచదార పాకాన్ని తీసేసి తేనెపాకం వేయడంతో ఇది పుట్టింది. మార్చింది ఒక్క వస్తువునే. కొన్నేళ్ళ తరువాత, 2005లో, అక్కడే శామ్ రాస్ బర్బన్‌కు బదులు స్కాచ్ పోసి, అల్లం చేర్చి పెనిసిలిన్ అనే పానీయాన్ని చేశాడు. మంచి సమస్యాపూరణంలో ఒక్క అక్షరం చేరి అర్థమంతా మారినట్టే ఇక్కడా జరిగింది.

తేటగీతి:
అందరికీ నమస్కారం. నేను పుల్లగా వచ్చిన గ్లాసు గురించి రాశాను.

నిమ్మరసము చాల నెక్కువై పోవంగ
నాల్క జివ్వుమనియె, నవ్వు మాసె,
బర్బనైన నోడి పరుగెత్తెఁ గడకుఁ బ
రాయియయ్యెఁ దేనె రసములోన

ఒకసారి 22 మిల్లీలీటర్లకు బదులు పొరపాటున రెండింతల నిమ్మరసం పోశాను. తేనె గ్లాసులో ఉందని నాకు తెలుసు, ఎంత వెదికినా నాలుకకు దొరకలేదు. తన ఇంట్లోనే పరాయిదైపోయినట్టు అనిపించింది.

లూయివిల్ వాసి:
అమ్మా, 'పరాయి' నా సారాయి కంటే మిన్న. అర్థంలోనూ తప్పు పట్టడానికి వీలులేదు. ఒక్క సూచన చేస్తాను. 'కడకున్' అన్న ద్రుతం వల్ల సరళాదేశం వచ్చి 'పరాయి' కాస్తా 'బరాయి' అయింది. వ్యాకరణం సరిగానే ఉంది గాని, చదివేవారు ఒక్క క్షణం తడబడతారు. మీ పూరణకు ప్రాణం ఆ మాటే కనుక అది పకారంతోనే వినబడాలి. "పరుగెత్తె నకట! ప" అంటే గణమూ చెదరదు, బాధా పలుకుతుంది.

తేటగీతి:
ధన్యవాదాలండీ. సవరించాను.

బర్బనైన నోడి పరుగెత్తె నకట! ప
రాయియయ్యెఁ దేనె రసములోన

గూడూరు మాస్టారు:
సవరణ బాగుంది. లూయివిల్ వారి చెవి మంచిదని నేను ఎప్పుడూ కాదనలేదు. నిమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మా గూడూరులో బస్తాలకు ఎత్తే పలుచని తొక్క నిమ్మ, ఈ పానీయానికి వాడే పసుపుపచ్చని పెద్ద లెమన్ ఒకటి కావు. మన కాయ లైమ్ జాతిది. దాని పులుపులో ఒక ఘాటు, కొంచెం చేదు ఉంటాయి. అది పోస్తే కొలత సరిపోయినా బర్బన్‌కూ దానికీ పొత్తు కుదరదు. మన భాషలో రెంటికీ నిమ్మ అన్న ఒక్క పేరే ఉండడం వల్ల హైదరాబాదులోనో నెల్లూరులోనో ఇంట్లో కలుపుకునేవారు కాయ దగ్గరే దారి తప్పుతారు. లెమన్ దొరకనప్పుడు మన నిమ్మరసం నాలుగో వంతు తగ్గించి, తేనె కాస్త పెంచుకోవడం మేలు.

నేను మద్యం పుచ్చుకోను. ఈ ఆరు నెలలు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాడు కలుపుతుంటే పక్కనే కూర్చుని కాయలు పిండి ఇస్తున్నాను. నిన్న రాత్రి తేనెపాకం పోసేటప్పుడు దీపం వెలుగులో చూశాను. బర్బన్ రంగులోంచి పాకం దారంలా కిందికి దిగి, అడుగు తాకి, మెలికలు తిరుగుతూ మళ్ళీ పైకి లేచింది. అది చూశాక రాసిన పూరణ ఇది.

కాల్చిన ఓకుపీపఁ గాఁపురమ్మున్నట్టి
మొక్కజొన్న సుధకు మురిపె మలర
నిమ్మ పులుపు నడుమ నిండుగా నిలిచి తు
రాయియయ్యెఁ దేనె రసములోన

డాలస్ పథికుడు:
మాస్టారు గారూ, 'తురాయి' చదివి లేచి నిలబడ్డాను. మిగతా మేమందరం తేనె పాడైందనో, పోయిందనో రాస్తే, మీరొక్కరే దాని తలమీద కిరీటం పెట్టారు.

తేటగీతి:
నేను కూడా అదే అనుకున్నాను. రాయి, సారాయి, పరాయి అన్నీ దాటి చివరికి తురాయి దగ్గరికి చేరాము.

లూయివిల్ వాసి:
భావం విషయంలో మాస్టారు గారికి నమస్కరిస్తున్నాను. ఇంత మంచి పూరణలో మొదటి పాదం అలాగే ఉండిపోకూడదని ఈ మాట చెబుతున్నాను, వేరే ఉద్దేశం లేదు. 'కాల్చి' తరువాత 'న ఓకు' అని లఘువు ముందు నిలిచి రెండవ గణం చెడింది. పైగా 'కాల్చిన' మీద 'ఓకు' సంధి లేకుండా విడిగా నిలిచింది. ఓకు అన్న మాటను వదులుకోలేక ఇలా జరిగిందని నేను ఊహించగలను. లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలోనే ఉంచాలని చట్టం చెబుతుంది కనుక, ఉత్త 'పీప' అంటే బర్బన్‌కు సరిపోదు. ఆ కాలిన చెక్కలోంచే వనిల్లా వాసన, కాచిన పంచదార రుచి వస్తాయి. తేనె చేరి కూర్చునేది వాటి పక్కనే. కనుక ఓకు ఉండాలి, కాల్చడమూ ఉండాలి. ఇలా అనవచ్చునేమో పరిశీలించండి.

కాల్చినట్టి యోకు కౌఁగిలిఁ బెరిగిన

గూడూరు మాస్టారు:
గణభంగం నిజమే. నలభై ఏళ్ళు పిల్లలకు ఛందస్సు చెప్పినవాడిని, పాకం మెలికలు చూసిన ఆనందంలో అక్షరాలు లెక్కపెట్టుకోకుండా పంపాను. మీ సవరణలో గణం కుదరడమే కాదు, నేను 'కాఁపురం' అని పొడిగా అన్నచోట మీరు 'కౌఁగిలి' అన్నారు. రెండేళ్ళు కూడా పీపాలో ఉండనిదానిని స్ట్రెయిట్ బర్బన్ అనరాదన్న నియమం తెలిసినవారికి ఆ 'పెరిగిన' అన్న మాట మరీ నచ్చుతుంది. వెనుకటి పూరణలో మీ 'కీర్తి' అన్న పదాన్ని నేను తొందరపడి చదివానని కూడా ఈ సందర్భంలో ఒప్పుకుంటున్నాను. మీ పాదంతోనే పూరణను మళ్ళీ పంపుతున్నాను.

కాల్చినట్టి యోకు కౌఁగిలిఁ బెరిగిన
మొక్కజొన్న సుధకు మురిపె మలర
నిమ్మ పులుపు నడుమ నిండుగా నిలిచి తు
రాయియయ్యెఁ దేనె రసములోన

లూయివిల్ వాసి:
మాస్టారు గారూ, ఈ రాత్రి మీ అబ్బాయి గారు కలిపేటప్పుడు మంచు వేయకముందే బర్బన్, నిమ్మరసం, తేనెపాకం మూడూ చెంచాతో ఒకసారి కలపమని చెప్పండి. పాకం అప్పటికే కరిగి ఉంటుంది కనుక పన్నెండు సెకన్లు ఊపితే చాలు. గ్లాసులో చిన్న ముక్కలకు బదులు ఒకే పెద్ద మంచుగడ్డ వేస్తే త్వరగా నీరుకారదు. మీకు మాత్రం అదే తేనె, అదే నిమ్మ వేడినీళ్ళలో కలిపి ఇమ్మనండి.

గూడూరు మాస్టారు:
అలాగే చెబుతాను. కాయలు పిండి సిద్ధంగా పెట్టాను.