2022 సంక్రాంతి తరువాత బడులు నడపడం సరైన నిర్ణయమేనా?

రేవుగట్టు:
2022 జనవరిలో కరోనా మూడో విడత ఊపందుకున్నప్పుడు తెలంగాణ ప్రభుత్వం సంక్రాంతి సెలవులను 30వ తేదీ వరకు పొడిగించింది. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 17వ తేదీనే బడులు తెరిచి, ఆ మరునాటి నుంచి రాత్రి కర్ఫ్యూ పెట్టింది. రాత్రి 11 దాటాక నిర్మానుష్యమైన వీధిలో ఒక్కడు నడిస్తే ప్రమాదమని, పగలు నలభైమంది పిల్లలు ఒకే గదిలో మోచేతులు తగులుతూ కూర్చుంటే ప్రమాదం లేదని ఏ లెక్కన తేల్చారో నాకు నేటికీ బోధపడలేదు. అప్పటికి పదిహేనేళ్లు నిండని పిల్లలకు టీకాయే లేదు; 12 నుంచి 14 ఏళ్ల వారికి ఆ ఏడు మార్చి 16న గాని మొదలు కాలేదు. నేను కోనసీమ లంక గ్రామంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిని. మా పిల్లల్లో సగంమంది పడవ దాటి వస్తారు, ఆ పడవలో దూరం పాటించడం దేవుడి తరం కూడా కాదు.

బోదెగట్టు:
మాస్టారూ, ఆ రెండు వారాల సంగతి అటుంచండి. 2020 మార్చి 19న మూసిన బడి ఐదో తరగతి లోపు పిల్లలకు 2021 ఫిబ్రవరి 1న గాని తెరుచుకోలేదు. ఏప్రిల్ 20న మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. మా అబ్బాయి ఒకటో తరగతి పేరుకే చదివాడు. పలక మీద ‘అన్నం’ రాయమంటే ‘అనం’ అని రాసి, నకారం కింద ఏదో ఉండాలని మాత్రం గుర్తుండబట్టి అక్కడొక చుక్క పెట్టి నా మొహం వంక చూశాడు. పల్లె పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే ప్రకారం మన రాష్ట్ర గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం ఉంటే, 2022 నాటికి 10.3 శాతానికి పడిపోయారు. ఇంకా మూసి ఉంచవలసింది అంటున్నారా?

లెక్కలరాయుడు:
ఆ అంకెలు నిజమే గాని ఈ చర్చకు పనికిరావు. 2022లో మూడో తరగతిలో ఉన్నవారు 2020–21లో ఒకటో తరగతి వారు, కాబట్టి ఆ నష్టం ప్రధానంగా మొదటి మూసివేతది. జనవరిలో బడులు మూసిన తెలంగాణలో ఇదే అంకె 18.1 నుంచి 5.2కు, అంటే 12.9 పాయింట్లు తగ్గింది. మూయని మన దగ్గర 12.3 తగ్గింది. ఈ 0.6 తేడాతో ఎవరూ ఏమీ నిరూపించలేరు. అసలు 2018లోనే నూటికి డెబ్భైఏడుమంది చదవలేకపోతే దానికి ఏ వైరస్ కారణమో ముందు చెప్పండి.

కొత్తపేట_కొబ్బరి:
బడి మూసినా గుడ్లు, చిక్కీలు ఇంటికి పంపారు. పాఠమే రాలేదు.

లెక్కలరాయుడు:
పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి.

కొత్తపేట_కొబ్బరి:
కరెంటు కూడా వచ్చి ఉంటే చూసేవాళ్లం.

రేవుగట్టు:
బోదెగట్టు గారూ, మీరు పిల్లల చదువు పోయిందంటున్నారు, నేను మనుషులు పోయారంటున్నాను. 2021 ఏప్రిల్‌లో రెండో విడత కళ్లెదుట కనిపిస్తున్నా 19వ తేదీ దాకా అన్ని తరగతులూ నడిపారు. స్టాఫు రూములో నా పక్క కుర్చీలో కూర్చునే తెలుగు మాస్టారు ఆ నెలాఖరున జ్వరపడి, ఆక్సిజన్ మంచం కోసం మూడు పట్టణాలు తిరిగి, మే నెలలో పోయారు. హాజరు పట్టీలో ఆయన చివరి సంతకం ఏప్రిల్ 17, శనివారం నాటిది. రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైనది అప్పటి మా తూర్పుగోదావరి జిల్లాలోనే. అయినా పరీక్షలు పెట్టి తీరతామని పట్టుబట్టి, ఎవరైనా చనిపోతే కోటి రూపాయల పరిహారం మాటేమిటని సుప్రీంకోర్టు నిలదీశాకే జూన్ 24న రద్దు చేశారు. ఇంత చూసినవాడు 2022లో బడి తెరుస్తామంటే నమ్మకంతో వెళ్లగలడా?

బోదెగట్టు:
మీ మాస్టారి మరణానికి నాకూ బాధగానే ఉంది. కానీ బడి మూసినన్నాళ్లూ నెల తిరిగేసరికి మీకు జీతం పడింది. మా అన్నయ్య కూతురు అప్పటికి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్యతో పాటు చెరువు గట్టు మీదే ఉండేది. ఖాళీగా ఉండడం ఎందుకని వదిన తనతో రొయ్యల షెడ్డుకు తీసుకుపోయింది. ఐసు నీళ్లలో తలలు తీసి పొట్టు వలిచి వచ్చేసరికి ఆ పిల్ల వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి, ముల్లు గుచ్చుకున్నచోట చీము పట్టి ఉండేది. బడి తెరిచాక ఆమె ఎందుకు రావడం లేదని అడిగిన మాస్టారు ఒక్కరు లేరు.

లెక్కలరాయుడు:
జీతం పూర్తిగా పడిందనడం సరికాదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల జీతాల్లో సగం వాయిదా వేశారు.

వశిష్ఠ_వాసి:
సగం జీతం గురించి ఎంత బాగా చర్చించుకుంటున్నారండీ! నాది ప్రైవేటు బడి. మూడు నెలలు సగం ఇచ్చి, తరువాత అదీ ఆపేశారు. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తున్నారని పేపర్లో చదివి, ఆ పేపరు మడిచి పెట్టి, మళ్లీ కొబ్బరికాయలు వలవడానికి వెళ్లాను.

రేవుగట్టు:
జీతం మాట ఎత్తినందుకు నాకు కోపం వచ్చిన మాట నిజం. రాత్రి రాసిన జవాబు చెరిపేసి ఇది రాస్తున్నాను. బడి తెరవడం కంటే, తెరిచేముందు ఊళ్లో ఎవరినీ అడగకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది. అమ్మఒడికి 75 శాతం హాజరు ఉండాలన్నారు కదా, ఒళ్లు కాలిపోతున్న పిల్లను కూడా డబ్బు పోతుందన్న భయంతో తల్లి బడికి పంపింది. ఆ పిల్లను వెనక్కి పంపితే హాజరు పోయిందని మాతో తగాదా, కూర్చోబెడితే మిగతా తల్లులతో తగాదా. ఒక వారం బడి నడపాలో వద్దో మా పడవ రేవును చూసినవాడు చెప్పాలి గాని, అమరావతిలో కూర్చున్నవాడు కాదు.

బోదెగట్టు:
అడిగితే ఎవరిని అడిగేవారు? ఊరి పెద్దలనీ మిమ్మల్నీ అడిగేవారు, మీరంతా మూయమనేవారు. మా వదినను ఎవరు అడుగుతారు? ఊరికి వదిలేస్తే మా ఊళ్లో బడి ఇంకో ఏడాది తెరిచేవారు కాదు. పైనుంచి ఒక్క ఉత్తర్వు వచ్చింది గనుకే తెరుచుకుంది. మీ నమ్మకం ఊరి మీద, నాకు ఆ నమ్మకం లేదు.

రేవుగట్టు:
దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మీ మేనకోడలికి పద్నాలుగేళ్లు నిండి ఉంటే ఓపెన్ స్కూలు ద్వారా నేరుగా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు నేను నింపిస్తాను.

బోదెగట్టు:
ఎనిమిది దాకా చదివింది గనుక, ఎవరు ఎన్ని కిలోలు వలిచారో పుస్తకంలో రాసే పని ఇప్పుడు షెడ్డులో ఆమెకే ఇచ్చారు. ఆదివారం ఇంటికి వస్తుంది, అడిగి చెబుతాను. రుసుము ఎంతో చెప్పండి. 17న తెరవడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను.